మావయ్య చెవి ఖర్చు

లిఫ్టు నాలుగో అంతస్తు దాటి ఐదోది అందుకోకుండానే ఒక కుదుపు కుదిపి ఆగిపోయింది, లైటు ఆరి మళ్ళీ వెలిగింది, నేను కనిపించిన బటనల్లా నొక్కేశాను, ఐదు, ఏడు, మళ్ళీ నాలుగు, తలుపు తెరిచేది, గంట బొమ్మ ఉన్నది, ఏదీ పలకలేదు. మావయ్య మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని అద్దానికి ఆనుకుని నిలబడ్డాడు, మొహంలో కంగారు లేకపోగా పందెం గెలిచినవాడి కళ ఒకటి. ఎందుకుండదు, ముప్పై నాలుగేళ్ళు ఒక పెద్ద ఆఫీసు బిల్డింగులో లిఫ్టు నడిపిన మనిషి, నడిపేవాడు లేని లిఫ్టు ఎప్పటికైనా ఇంతేనని రిటైరైన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాడు. ఆయన చెప్పేది మేం వినేవాళ్ళం, మేం చెప్పేది ఆయనకి వినపడేది కాదు, ఆరేళ్ళుగా ఇదే వరస, అత్తయ్య పోయిన ఏడాదే ఆ చెవులూ పోయాయి, ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోయాక చెవులకి మాత్రం పనేముందే అని ఓసారి నవ్వుతూ అన్నాడు, ఆ నవ్వుకే నా గుండె కరిగింది, కరిగిన గుండెతో కవరులో డబ్బు పెట్టి ఇచ్చాను, ఆ కవరు కథేమిటో తేల్చుకుందామనే ఇవాళ ఏడో అంతస్తులో చెవి మిషన్లు అమ్మే షాపుకి ఆయన్ని వెంటబెట్టుకొచ్చాను, తేలకముందే ఇదిగో, ఇలా గాల్లో వేలాడుతున్నాం.

ఆ డబ్బేమన్నా చెట్టుకి కాసిందా? నాది బట్టలు సరిచేసే షాపు, పొడుగైన ప్యాంట్లు పొట్టి చేయడం, బిగుతైన కోట్లు వదులు చేయడం, 'ఉతికితే ముడుచుకుపోయిందమ్మా' అని పొట్ట నిమురుకుంటూ చెప్పేవాళ్ళకి 'అవునండీ, ఈ మధ్య బట్టలన్నీ అంతేనండీ' అనడం, నిజం చెప్పాలంటే నా కూలిలో సగం ఆ అవునండీకే. మూడేళ్ళు అలా అవునండీ అవునండీ అంటూ అంచులు కుట్టే కొత్త మిషను కోసం కూడబెట్టిందంతా తీసి, షాపువాడు రెండు చెవులకీ ఎంతవుతుందన్నాడో సరిగ్గా అంతా మావయ్య చేతిలో పెట్టాను. మా ఆయనకి చెప్పలేదు. మిషను రేటు పెరిగిందట, ఇంకో ఏడాది ఆగుదాం లెండి అన్నాను, మా ఆయనది పక్క వీధిలోనే బూట్లు బాగుచేసే షాపు, నోట్లో నాలుగు మేకులు పెట్టుకుని బూటు అడుగు కొడుతూ 'ఊ' అన్నాడు, పంతొమ్మిదేళ్ళ కాపురంలో నాకు దొరికిన జవాబులు చాలావరకు ఆ మేకుల మధ్య నుంచి వచ్చిన ఊలే.

మావయ్య కవరు తీసుకున్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు, 'టిక్కెట్టూ, నీ మేలు మర్చిపోనే' అన్నాడు, టిక్కెట్టు అంటే నేనే, చిన్నప్పుడు బడి వదలగానే ఆయన లిఫ్టులో పైకీ కిందకీ తిరుగుతూ టిక్కెట్టు ఇవ్వు మావయ్యా అని పేచీ పెట్టేదాన్నట. నెలయ్యాక కాగితం మీద రాసి చూపించాను, మిషను ఏదీ అని. ఆర్డరిచ్చాను, ఓడలో వస్తోంది అన్నాడు. రెండో నెల ఓడ రేవులో ఆగిందన్నాడు. మూడో నెల ఓడ మంచిదే కానీ సముద్రమే బాలేదన్నాడు. బఠానీ గింజంత వస్తువుకి అంత ఓడ దేనికని నాకు నాలుగో నెలకి గానీ అనుమానం రాలేదు చూడండి, నా తెలివికి నేనే దండ వేసుకోవాలి. ఆ అనుమానం కూడా నాకై నాకు రాలేదు, చెల్లి ఫోన్ చేసింది, ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద హోటలుకి ఎదురుగా ఉన్న బ్యాంకులో కౌంటరు మీద కూర్చుంటుంది అది. 'అక్కా, మావయ్యకి లాటరీ తగిలిందా?' అంది. బుధవారం మధ్యాహ్నమట, బూడిదరంగు సూటు వేసుకుని ఆ హోటల్లోంచి బయటికొచ్చాడట, తలుపు దగ్గర మనిషి సలాం కూడా కొట్టాడట, అంతకు ముందు బుధవారమూ అంతేనట. 'నేనేం అనడం లేదక్కా, చూసింది చెప్పాను, అంతే' అంది, ఏమీ అనడం లేదని చెప్పేవాళ్ళ కన్నా ఎక్కువ అనేవాళ్ళు ఇంకెవరుంటారు. పెట్టేయబోతూ, 'సూటు మాత్రం భలే కుదిరిందక్కా, చేతుల దగ్గర సరిగ్గా అరంగుళం చొక్కా కనిపిస్తోంది' అంది.

అక్కడే, సరిగ్గా అక్కడే, నాకు అసలు దెబ్బ తగిలింది. మావయ్యవి పొట్టి చేతులు. ఏ రెడీమేడు కోటు తొడిగినా చేతులు గోళ్ళ దాకా వస్తాయి, ఆయన యూనిఫారం కోట్లు ముప్పై ఏళ్ళు ముందు మా అమ్మ, తర్వాత నేను కురచ చేస్తూ వచ్చాం, ఎడమ చెయ్యి కుడి దానికన్నా పావంగుళం తక్కువని లోకంలో నాకు తప్ప ఇంకో మనిషికి తెలియదు. అలాంటిది సూటు కుదిరిందంటే దాని చేతులు ఎవరో కురచ చేశారన్నమాట, నేను కాకుండా ఎవరో, డబ్బిచ్చి, నా డబ్బే ఇచ్చి, ఇంకో షాపులో! హోటల్లో తింటే తిన్నాడు, ఓడ పేరు చెప్పి అబద్ధమాడితే ఆడాడు, అవన్నీ మనుషులు చేసేవే, కానీ ఇంకొకరి సూది దగ్గరికి వెళ్ళడం ఉంది చూశారూ, పదిహేను రోజులు నాకు నిద్రపట్టలేదు, ఏ షాపు అయ్యుంటుంది, స్టేషను దగ్గర వాడా, వాడు లోపలి గుడ్డని జిగురు పెట్టి అంటిస్తాడు, దారం వాడడు.

అద్దంలో మావయ్య మొహం చూస్తే నోరు ఆగలేదు. ఆయన ముందు నా నోరు ఎప్పుడూ ఆగదు, గురువారం షాపు సగం పూటే, మధ్యాహ్నం ఆయన గదికి వెళ్ళి మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఊడిన గుండీలు కుడుతూ మాట్లాడుతూ ఉంటాను, వినపడని మనిషి ముందు మాట్లాడటంలో ఉన్న సుఖం అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది, బావిలోకి వంగి అరిచినట్టు, పైగా ఈ బావి తల కూడా ఊపుతుంది. ఆ అలవాటు మీదే ఇప్పుడూ పైకే అనేశాను, 'నా అవునండీలన్నీ అవతల హోటల్లో మింగి, ఇక్కడేమో ఏమీ ఎరగని పాపాయిలా ఎలా నిలబడ్డాడో చూడు, సిగ్గు లేకపోతే సరి.' మావయ్య నెమ్మదిగా తల ఊపాడు. అంతలో బటన్ల కింద చిల్లుల రేకులోంచి గరగరమని ఓ గొంతు వచ్చింది, నీళ్ళలో మునిగిన రేడియోలా ఉంది, ఒక్క ముక్క నాకు అర్థమైతే ఒట్టు, 'ఏమిటంటున్నాడు వీడు' అని రేకుకి చెవి ఆనించి వంగాను.

'మెకానిక్ భోజనానికి వెళ్ళాడట' అన్నాడు మావయ్య. 'ముప్పావుగంట పడుతుందట.'

ఓహో అన్నాను. ముప్పావుగంటా అన్నాను. వంగిన నడుము ఎత్తబోయాను. సగం ఎత్తాక, అక్కడే, ఆ వంపులోనే ఆగిపోయాను. లిఫ్టు ఎక్కడ ఆగిందో నేనూ సరిగ్గా అలాంటి చోటే ఆగాను, కిందికీ కాదు పైకీ కాదు. నెమ్మదిగా తల తిప్పి చూస్తే మావయ్య పైన ఫ్యాను జాలీని చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు, చెవి తమ్మె మాత్రం ఎర్రగా కందిపోయింది.

'మావయ్యా' అన్నాను, గాలి కన్నా మెల్లగా.

'ఊ' అన్నాడు.

'ఎప్పట్నుంచి?'

'ఓడ వచ్చిన దగ్గర్నుంచి' అన్నాడు, ఇంకా జాలీనే చూస్తూ. 'అంటే, నువ్వు కవరిచ్చిన మూడో రోజు.'

కుడి చెవి లోపల, బాగా లోపల, కంటికి కనపడని రకం, అది మామూలు దానికి రెట్టింపు ఖరీదు, అందుకే రెండు చెవుల డబ్బు ఒక్క చెవికే సరిపోయింది, ఇవన్నీ ఆయన ఏదో చెబుతున్నాడు, నేను వినడం లేదు, నాలుగు నెలలు, నెలకి నాలుగు గురువారాలు, పదహారు, మధ్యలో ఒకటి జ్వరం వచ్చి మానేశాను, పదిహేను, పదిహేను గురువారాలు నేను ఆ కుర్చీలో కూర్చుని ఏమేం వాగాను దేవుడా. డ్రైవింగు పరీక్ష పాసయ్యానని ఇంట్లో చెప్పి నిజానికి మూడోసారి కూడా తప్పానని చెప్పాను. లాయరుగారి నల్లకోటు ఇస్త్రీపెట్టె కింద కాల్చేసి, నేరం కరెంటు మీదకి తోసేశానని చెప్పాను. చెల్లి కొత్తింట్లో కర్టెన్లు ఆసుపత్రి వార్డులా ఉన్నాయనీ, దాని ముందు మాత్రం ఎంత చల్లగా ఉన్నాయే అన్నాననీ చెప్పాను. పనుందని చెప్పి ఒక్కదాన్నే సినిమాకి వెళ్ళి, ఇంటర్వెల్లో పక్కసీటు ఖాళీగా ఉందని ఏడుపొచ్చిందని చెప్పాను, ఇది చెప్పినప్పుడు మావయ్య నా చేతిలోంచి సూది తీసుకుని దారం ఎక్కించి ఇచ్చాడు, అప్పుడేమో పాపం ఏమీ తెలియకుండానే ఎంత మంచి పని చేశాడో అనుకున్నాను. మా ఆయన గురక మోటారు బోటు అన్నాను, మా ఆయన నాతో రోజుకి పదకొండు మాటలు మాట్లాడతాడు, లెక్కపెట్టాను అన్నాను. అన్నిటికన్నా, అయ్యో, అన్నిటికన్నా ఇది, ఏడో గురువారమో ఎనిమిదోదో, నీకు చెవులు రాకపోతేనే బాగుండు మావయ్యా, ఆ ఓడ మునిగిపోతే బాగుండు అన్నాను, నవ్వుతూ, గుండీకి ముడి వేసి దారం పళ్ళతో కొరుకుతూ, ఆ మాట కూడా అన్నాను.

లిఫ్టు నేల మీద కూలబడ్డాను. మావయ్య కూడా మోకాళ్ళు పట్టుకుని, అబ్బా అనుకుంటూ పక్కన చతికిలబడ్డాడు. సిగ్గుపడటానికి కూడా మనిషికి చోటు కావాలి, ఇక్కడ చూస్తే నాలుగడుగుల నేల, అందులో రెండడుగులు ఆయనవి, అందుకని నా సిగ్గు చోటు చాలక కోపం అయిపోయింది. 'మరి హోటలు?' అన్నాను. 'మరి సూటు? నేనిచ్చింది మిషనుకే సరిపోతే, ఆ సూటు ఏ ఓడలో దిగింది?'

మావయ్య మళ్ళీ ఫ్యాను జాలీ వైపు చూశాడు. 'అది నీ డబ్బు కాదులే' అన్నాడు.

'ఎవరిది?'

'మేకులాయనది.'

నాకు మొదట వెలగలేదు. వెలిగాక, కొత్త మిషను రేటు పెరిగిందని నేను చెప్పిన నెలలోనే మా ఆయన, బూట్లు మెరుగు పెట్టే యంత్రం తనకీ ఇప్పట్లో వద్దని, కంపెనీవాళ్ళు ఆ మోడలు ఆపేశారని చెప్పింది గుర్తొచ్చింది, అయ్యో పాపం, ఎంత ఆశపడ్డారో అని నేను ఓదార్చింది కూడా గుర్తొచ్చింది, ఆయన నన్ను, నేను ఆయన్ని, ఇద్దరం వారం రోజులు ఒకరినొకరు ఓదార్చుకుని ఈ ముసలాయన చేతిలో రెండు కవర్లు పెట్టామన్నమాట. 'వద్దనొచ్చు కదా!' అన్నాను.

'ఎలా అనను?' అన్నాడు మావయ్య, నిజంగానే న్యాయం అడుగుతున్నట్టు. 'ఆదివారం చదరంగం ఆడదామని వచ్చాడు. అప్పటికి నా చెవిలో మిషను ఉంది. ఆ సంగతి ఆయనకి తెలీదు. కవరు చేతిలో పెట్టి, చెవులకి మావయ్యా, మీ అమ్మాయికి చెప్పకండి అన్నాడు. నేను చెవిటివాణ్ణి కదా, వినపడితే కదా వద్దనేది? చెవిటివాడు తల ఊపాలి. ఊపాను.'

'అది మోసం మావయ్యా.'

'మోసమే' అని ఒప్పేసుకున్నాడు, అంత తేలిగ్గా ఒప్పుకుంటే ఇవతలి మనిషి ఏం పోట్లాడుతుంది. ఆ హోటల్లో అద్దాల లిఫ్టు ఉందట. ఇరవై రెండు అంతస్తులు. ముప్పై నాలుగేళ్ళు లిఫ్టులో నిలబడ్డాడు కానీ ఒక్కసారి, ఒకే ఒక్కసారి కూడా ఎక్కిన మనిషిలా ఎక్కలేదట, ఎటు వెళ్ళాలండీ అని తననెవరూ అడగలేదట. అక్కడ ఎర్ర టోపీ కుర్రాడు, కాదు, కుర్రాడు కాదులే, నలభై ఏళ్ళవాడే, వంగి అడుగుతాడట, పైకా సార్ అని. ఇరవై రెండుకి అంటాడట మావయ్య. పైన భోజనం చేయకపోతే ఎక్కనివ్వరు కాబట్టి భోజనం చేస్తాడట, ఇంత ప్లేటులో ఇంత చేపముక్క, అది కూడా ఎప్పుడూ చల్లారే ఉంటుందట. 'తిండి బాలేదే టిక్కెట్టూ, కానీ ఆ లిఫ్టు! గ్లాసులో నీళ్ళు పెడితే తొణకవు. పక్కన నిలబడ్డవాళ్ళ మాటలు కుడి చెవిలో గంటల్లా వినపడతాయి. మొన్న ఒకాయన తన పార్టనరుని ఎలా ముంచాలో పన్నెండో అంతస్తు నుంచి ఇరవై దాకా చెప్పాడు. నేను ఉన్నానని కూడా చూడలేదు. పాత రోజులు వచ్చాయనుకో.' చెబుతూ చెబుతూ ఆయన మొహం ఎంత వెలిగిందంటే, నేను అడగాల్సిన అసలు ప్రశ్న గొంతులోనే చిన్నబోయింది, అయినా అడిగేశాను, చేతులు ఎవరు కురచ చేశారని. స్టేషను దగ్గరవాడు అన్నాడు తలొంచుకుని. జిగురే కదా అన్నాను. జిగురే, రెండో బుధవారానికే ఊడింది, పిన్నీసు పెట్టుకున్నాను అన్నాడు. హమ్మయ్య, పదిహేను రోజుల తర్వాత నాకు మొదటిసారి ఊపిరి బాగా ఆడింది.

అయినా ఒక ముల్లు మిగిలింది. మిషను వచ్చిందని నాకు ఎందుకు చెప్పలేదు, కొన్న రోజు రాసి చూపించక్కర్లేదు, నోటితో చెబితే చాలు కదా, నేను సంతోషించేదాన్ని కదా. అడిగితే మావయ్య వేళ్ళతో లిఫ్టు రేకు మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. 'చెవులు బాగున్న రోజుల్లో నా గదికి ఏడాదికి ఎన్నిసార్లు వచ్చావు?' అన్నాడు. నేను లెక్కపెట్టబోయి మానేశాను, లెక్కపెట్టేంత లేవు. 'తప్పు పట్టడం లేదు. ఎవరి పనులు వాళ్ళకుంటాయి. చెవులు పోయాక నువ్వు గురువారం గురువారం వచ్చి కూర్చున్నావు. మీ ఆయన ఆదివారం వచ్చి కూర్చుంటాడు. ఇంకా ఒకరిద్దరున్నారులే, చెప్పను. పెదాలు కదులుతుంటే చూసేవాణ్ణి. ఏమంటోందో నా టిక్కెట్టు అని ఆరేళ్ళు తన్నుకులాడిపోయాను. మిషను పెట్టుకుని మొదటి గురువారం నీ మాటలు విన్నాను. వినపడుతోందని చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. ఇంతలో నువ్వు, ఇవన్నీ ఎవరికి చెప్పుకోను మావయ్యా, నీకు వినపడదు కాబట్టి చెబుతున్నా అన్నావు.' తెరిచిన నోరు మూసుకున్నాడట. ఇక ఎప్పుడు తెరవాలో తెలియలేదట.

ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడో కింద ఎవరో ఇనప తలుపు తన్నుతున్నారు. నేను మావయ్య చేతిని చూస్తున్నాను, ఎడమది, పావంగుళం పొట్టిది, దాని మీద కోపం తెచ్చుకుందామంటే రావడం లేదు, నేను డబ్బిచ్చి ఆయన చెవులు కొన్నాననుకున్నాను, ఆయనేమో ఆ చెవులు దాచి నా గురువారాలు కొనుక్కున్నాడు, ఇందులో ఎవరు ఎవర్ని వాడుకున్నట్టు, ఏ లాయరు చెప్పగలడు, చెప్పే లాయరు కోటేమో నేనే కాల్చేశాను. 'రెండు గంటలు చదరంగమాడతారు కదా ఆదివారం' అన్నాను చివరికి. 'మా ఆయన మాట్లాడతాడా?'

'నోరు మూయడు' అన్నాడు మావయ్య.

'మా ఆయనా? రోజుకి పదకొండు మాటలాయనా? ఏమంటాడు?'

'చెప్పను. లిఫ్టులో విన్నది లిఫ్టులో ఎక్కినవాళ్ళదే, నడిపేవాడిది కాదు.' అని, నా మొహం చూసి కాబోలు, జాలిపడ్డాడు. తల పక్కకి వంచి, చిటికెన వేలితో కుడిచెవిలోంచి ఏదో లాగి, నా అరచేతిలో పెట్టాడు, వెచ్చగా ఉంది, నిజంగా బఠానీ గింజంతే. 'నీ డబ్బుతో కొన్నది. గురువారాలు నువ్వే ఉంచు. రాగానే తీసుకో, వెళ్ళేముందు ఇచ్చెయ్యి. మిగతా రోజులు నాకు. ఏమంటావు?' అన్నాడు, తన గొంతు తనకే వినపడక కాస్త గట్టిగా. నేను గుప్పిట మూశాను, ఏమన్నా ఇప్పుడు ఆయనకి వినపడదు.

అప్పుడు కదిలింది లిఫ్టు. పైకి కాదు, కిందికి, నాలుగో అంతస్తుకి, అడుగడుగూ ఆలోచించుకుంటూ. తలుపులు విడగానే మెకానిక్, వాచ్‌మన్, వాళ్ళిద్దరినీ తోసుకుంటూ తోలు ఏప్రను మీదే పరిగెత్తుకొచ్చిన మా ఆయన, వాచ్‌మన్‌కి మేమెవరమో తెలుసు కాబట్టి షాపుకి ఫోన్ చేశాడట, ఒక చేతిలో ఎవరిదో ఆడవాళ్ళ ఎత్తుమడమ చెప్పు, మడమని రెండు వేళ్ళతో గట్టిగా నొక్కి పట్టుకుని ఉన్నాడు, జిగురు ఆరేదాకా వదలకూడదు, వదలకుండానే నాలుగంతస్తులు మెట్లెక్కాడు. 'ఏమైంది? బాగానే ఉన్నారా? నువ్వు ఏడ్చావా?' అన్నాడు నాతో, లెక్కపెట్టాను, ఐదు మాటలు, ఒక్క మేకు లేదు నోట్లో.

'మావయ్య చెవులకి డబ్బులిచ్చాను' అన్నాను. 'నా మిషను డబ్బు. రేటు పెరగలేదు, అబద్ధం చెప్పాను. డ్రైవింగు కూడా పాసవలేదు.'

మా ఆయన చెప్పు వైపు చూశాడు, నా వైపు చూశాడు. 'ఆ మోడలు ఆపలేదు' అన్నాడు మెల్లగా. 'నాకూ నీతో చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.' ఇంకా దగ్గరికొచ్చాడు, మెకానిక్ మర్యాదగా బటన్ల వైపు తిరిగాడు, మా ఆయన అక్కడే, లిఫ్టు గడప మీదే, ఆ మడమ నొక్కి పట్టుకునే, తలొంచుకుని చెప్పడం మొదలుపెట్టాడు, నేను పదకొండు మాటల దాకా లెక్కపెట్టి ఆపైన మర్చిపోయాను.

వెనక నుంచి మావయ్య నా మోచెయ్యి గుంజుతున్నాడు. 'ఏమంటున్నాడే? ఏమంటున్నాడు? అబ్బ, అది ఇటివ్వవే!' అంటున్నాడు, లిఫ్టంతా మారుమోగేలా, నా గుప్పిట విప్పడానికి ఒక్కొక్క వేలూ లాగుతూ.

నేను గుప్పిట బిగించి పట్టుకుని, మా ఆయన చెప్పేది వింటూ నిలబడ్డాను.